వేలికొనల ఉప్పు

నీళ్లను పరీక్షించే యంత్రం ముందుగా అడిగేది నీళ్లనే. తిరుపతిలోని మా ప్రయోగశాలకు అయాన్ క్రోమటోగ్రాఫ్ వచ్చిన రోజున, దాన్ని బిగించడానికి వచ్చిన ఇంజనీరు పెట్టె విప్పకముందే "మేడమ్, మీ దగ్గర 18.2 నీళ్లున్నాయా?" అన్నాడు. 18.2 మెగా ఓమ్ సెంటీమీటర్లు. కరెంటు ప్రవాహాన్ని నీళ్లు ఎంత అడ్డుకుంటాయో చెప్పే కొలత అది. డిస్టిల్డ్ వాటర్ దానికి చాలదు. కొళాయి నీళ్లను ఆర్వో పొరలోంచి తోసి, రెజిన్ గుళికల మీదుగా పారించి, అతినీలలోహిత దీపం చూపించి, చివరికి 0.2 మైక్రాన్ల ఫిల్టర్ దాటిస్తే ఆ అంకె తెర మీద కనిపిస్తుంది. పాతిక డిగ్రీల వేడిమి దగ్గర దాన్ని మించి శుద్ధి చెయ్యడం ఎవరి వల్లా కాదు. ఇక మిగిలిన ఆ రవంత వాహకత, సెంటీమీటరుకు 0.055 మైక్రోసీమెన్స్, బయటినుంచి వచ్చిన మలినానిది కాదు. అది నీటి సొంతం. సుమారు 55 కోట్ల నీటి అణువుల్లో ఒకటి ఏ క్షణంలో చూసినా తనంతట తాను రెండుగా విడిపోయి ఉంటుంది. ఎంత కడిగినా పోనిది నీటి స్వభావంలోనే ఉందన్నమాట.

ఆ నీళ్లు నిలవ ఉండవు. సీసాలో పట్టి మూత తీసి పెడితే కొద్ది నిమిషాల్లోనే గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కరిగి అంకె పడిపోతుంది. తాగడానికి చేసినవీ కావు. అవి కొలవడానికి మాత్రమే.

రసాయనశాస్త్రం చదువుకున్నదాన్ని కాబట్టి ఈ లెక్కలు నాకు కొత్తవి కావు. కానీ ఆ నీళ్లతో రోజూ మెలగడం మొదలయ్యాక చిన్నప్పటినుంచి లోపల ఉండిపోయిన ప్రశ్న ఒకటి కదిలింది. శుద్ధి అనేది వస్తువులో ఉండే గుణమా, మనిషి పాటించే నియమమా? నియమమే అయితే, ఎవరు ఎవరి మీద పెట్టుకోవలసిన నియమం?

మాది పలమనేరు దగ్గర పల్లె. ఇంట్లో మడి గట్టిగా ఉండేది. అవ్వ తెల్లారకముందే బావి దగ్గర తలమీద నీళ్లు పోసుకుని, తడిబట్టతోనే తోడుకుని, బిందె భుజాన పెట్టుకుని వంటింట్లోకి వచ్చేది. ఆ దారిలో పిల్లలెవరూ ఎదురు పడకూడదు. దండెం మీది మడిబట్టను కర్రతో తియ్యాలి, చెయ్యి తగలకూడదు. అవ్వను తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. ఆమెకున్నంత శ్రద్ధ, ఏ గిన్నె ఎక్కడ పెట్టిందీ ఏ చేత్తో ఏది తీసిందీ అన్న ఎరుక, ప్రయోగశాలల్లో కూడా నేను కొద్దిమందిలోనే చూశాను. నాకు పనిలో శుచి అబ్బిందంటే ఆ వంటింటి నుంచి అబ్బిందే.

పెద్దమనిషినయ్యాక నెలకు మూడు రోజులు నేను గడప అవతల ఉండేదాన్ని. చాప వేరు, కంచం వేరు. దాహమేస్తే కేకెయ్యాలి. అమ్మ వచ్చి పైనుంచి పోస్తే దోసిలి పట్టి తాగాలి. ఆ భంగిమ నాకు అప్పటికే తెలుసు. ఊరవతల పల్లెనుంచి వచ్చే ఆడవాళ్లు మా బావి గట్టు కింద కడవలు పెట్టుకుని నిలబడేవాళ్లు. చేంతాడు వాళ్లు ముట్టకూడదు. ఎవరో ఒకరు వచ్చి తోడి పైనుంచి కడవలో పోసేదాకా, ఎండ ఎక్కినా సరే, నిలబడాల్సిందే. నాకు మూడు రోజులైతే వాళ్లకు పుట్టినప్పటినుంచీ అంతే. నా నాలుగో రోజు తలస్నానంతో నా మైల పోయేది. వాళ్ల మైలను పోగొట్టే స్నానం ఏదో ఎవరూ చెప్పలేదు. చెప్పలేదన్న సంగతి అప్పట్లో నాకూ తట్టలేదు, నా చుట్టూ ఉన్న పెద్దలకూ తట్టినట్టు లేదు.

ఇక యంత్రం సంగతి. చూడ్డానికి అది రెండు పెట్టెలు, సన్నటి గొట్టాలు. దాని ప్రాణమంతా కాలమ్‌లో ఉంటుంది. జానెడు పొడవు గొట్టంలో ధనావేశం ఉన్న రెజిన్ పొడి గట్టిగా దట్టించి ఉంటుంది. నీళ్లలోని రుణ అయాన్లు దాన్ని పట్టుకుంటూ వదులుతూ ఒక్కొక్కటి ఒక్కో వేగంతో కదులుతాయి. ముందు ఫ్లోరైడ్, తర్వాత క్లోరైడ్, నైట్రైట్, బ్రోమైడ్, నైట్రేట్, ఫాస్ఫేట్, చివరగా సల్ఫేట్ బయటికొస్తాయి. వాటిని తోసుకుపోయే ద్రవాన్ని ఎలూయెంట్ అంటారు. మేము వాడేది సోడియం కార్బొనేట్ 3.2 మిల్లీమోలార్, సోడియం బైకార్బొనేట్ 1 మిల్లీమోలార్ కలిపిన నీళ్లు. దాన్ని ఫిల్టర్ చేసి, అందులోని గాలి తీసేసి పంపు చేస్తాం. బుడగ ఒకటి పంపులో చిక్కితే ఆ రోజంతా తెర మీది గీత వణుకుతూనే ఉంటుంది.

బయటికొచ్చిన అయాన్లను యంత్రం వాటి వాహకతతోనే గుర్తుపడుతుంది. కానీ ఎలూయెంట్ కూడా ఉప్పునీళ్లే. దాని వాహకత వందల్లో ఉంటే, మనం వెతికే ఫ్లోరైడ్ ఆ హోరులో వినపడదు. 1975లో అమెరికాలో డౌ కెమికల్ కంపెనీలో పనిచేసే స్మాల్, స్టీవెన్స్, బౌమన్ అనే ముగ్గురు దీనికి ఉపాయం కనిపెట్టారు. కాలమ్ తర్వాత ఇంకో అరను పెట్టి, ఎలూయెంట్‌లోని సోడియాన్ని లాగేసి దాని చోట హైడ్రోజన్ అయాన్ ఇస్తే కార్బొనేట్ బలహీనమైన కార్బోనిక్ ఆమ్లంగా మారిపోతుంది. అప్పుడు దాని వాహకత ఇరవై దరిదాపుకి దిగుతుంది. అలా దిగాకే వెతుకుతున్న అయాన్లు పీకులై పైకి లేస్తాయి. ఆ అరను సప్రెసర్ అంటారు. ఎదుటివాటిని మోసుకొచ్చేది తన గొంతు తగ్గించుకుంటే తప్ప ఎదుటివాటి మాట వినపడదని నాకు మొదటిసారి కళ్లకు కట్టినట్టు చూపింది ఈ యంత్రమే. సప్రెసర్‌కు గంధకామ్లం పెడుతూ, బేస్‌లైన్ స్థిరపడే దాకా వేచి ఉండే ఆ పొద్దుటి గంట నాకు రోజులో ఇష్టమైన సమయం.

ఇంకో వింత ఉంది. శుద్ధమైన నీళ్లు ఇంజెక్ట్ చేస్తే గీత పైకి లేవదు, కిందికి గుంట పడుతుంది. చుట్టూ ఉన్న కార్బోనిక్ ఆమ్లం కంటే ఆ నీటి వాహకత తక్కువ కాబట్టి. నీటిని వెతికే యంత్రానికి నీరు ఒక లేమిలా మాత్రమే కనిపిస్తుంది, కనిపించేవన్నీ నీటిలో కలిసినవే. ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతువు చేత ఉప్పు నీళ్లలో వేయించి, మర్నాడు పైనా మధ్యా అడుగునా రుచి చూపించిన ఛాందోగ్య కథ నాకు ఆ గుంట చూసినప్పుడల్లా తలపుకొస్తుంది. కంటికి కనపడని ఉప్పు అంతటా ఉందని ఆ తండ్రి నాలుకతో చెప్పించాడు. ఆ గుంట పక్కనే ఫ్లోరైడ్ పీకు రావడం మాకు పెద్ద తలనొప్పి. నమూనాలో కూడా కొంచెం గాఢ ఎలూయెంట్ కలిపితే గుంట పూడి ఫ్లోరైడ్ సరిగ్గా కొలవొస్తుంది.

ప్రయోగశాలకు దాని మడి దానికుంది. గాజు సీసా పనికిరాదు, పాలీప్రొపిలీన్ సీసా కావాలి. గాజునుంచి సోడియం దిగుతుంది, ఫ్లోరైడ్‌కూ గాజుకూ పొసగదు. సీసాను ఆ 18.2 నీళ్లతో కడగాలి, ఆపైన నమూనా నీళ్లతోనే తొలవాలి. మూతను బల్ల మీద బోర్లించకూడదు. సిరంజి ఫిల్టర్‌లోంచి మొదట వచ్చే చుక్కలు పారబొయ్యాలి. అన్నిటికంటే ముందు చేతికి తొడుగు ఉండాలి.

మా చిన్నాయన పౌరోహిత్యం చేస్తాడు. యంత్రం నడవడం మొదలయ్యాక చూస్తానని వచ్చాడు. ఒట్టి చేతులతో రాలేదు, రాగి చెంబులో తిరుమల ఆకాశగంగ నీళ్లు తెచ్చాడు. "అమ్మాయ్, ఇందులో ఏముందో చెప్తుందా నీ మిషను?" అన్నాడు. వెటకారంగా కాదు, నిజంగా తెలుసుకోవాలనే. నా దగ్గర పరిశోధన చేస్తున్న కుర్రాడు ఆటోసాంప్లర్ ట్రేలో వయల్స్ సర్దుతున్నాడు. ఒక వయల్ ఎంత చిన్నదో చూద్దామని చిన్నాయన చెయ్యి చాపాడు.

"స్వామీ, చేత్తో ముట్టుకోవద్దండి" అన్నాడు కుర్రాడు.

చిన్నాయన చెయ్యి గాల్లోనే ఆగింది. "స్నానం చేసే వచ్చాను నాయనా" అన్నాడు.

"స్నానం చేసినా చెమట ఉంటుంది స్వామీ. నా చేతికీ ఉంది. అందుకే నేనూ తొడుక్కున్నా." తొడుగు వేసిన చెయ్యి చూపించి, పెట్టెలోంచి ఇంకో జత తీసి ఇచ్చాడు. చిన్నాయన వాటిని వేసుకోవడానికి కొంత తంటాలు పడ్డాడు. కుర్రాడు సాయం చేశాడు.

ఆ కుర్రాడిది మా ఊరికి ఆనుకున్న కాలనీ. గట్టు కింద కడవ పెట్టుకుని నిలబడిన ఆడవాళ్లలో అతని జేజి ఉండి ఉంటుంది. చిన్నాయనకూ ఆ సంగతి తెలుసు. ఇద్దరిలో ఎవరి ముఖంలోనూ గెలుపూ లేదు, నామోషీ లేదు. పని అలాంటిది, దాని నియమం అది, అంతే. నేను మాత్రం ఆ మాట దగ్గరే ఆగిపోయాను. "నా చేతికీ ఉంది" అన్న మాట మా ఇంటి మడిలో ఎవరి నోటా వినలేదు.

ముట్టుకుంటే నీళ్లు చెడతాయన్న మాట అబద్ధం కాదు. అది నిజమని ఈ యంత్రం చూపిస్తుంది. తొడుగు లేని వేలు వయల్ అంచుకు తగిలితే సోడియం, క్లోరైడ్ దిగుతాయి. పీపీబీ లెక్కల్లో, అంటే వంద కోట్లలో ఒక వంతు దాకా, కొలిచేటప్పుడు ఆ ఒక్క తాకిడి మొత్తం కొలతను పాడు చేస్తుంది. అయితే దిగేది ఉప్పు. వేదం చదివిన వేలికొనన ఉన్నదీ, చెప్పు కుట్టిన వేలికొనన ఉన్నదీ అదే ఉప్పు. క్లోరైడ్ పీకు తనకు కేటాయించిన నిమిషంలోనే లేస్తుంది, ఎవరి చెయ్యి అయినా సరే. అవ్వ తాకిడి గురించి పడిన భయంలో సగం సరైనదే. ఆ భయం తన చేతి మీదికి కూడా తిరిగి ఉంటే ఎంత బాగుండేది.

తన చేతి మీదికి తిరగడం అనేదాన్ని మా పనిలో బ్లాంక్ అంటారు. ఊరి నీళ్లు యంత్రంలో పెట్టకముందు, మా నీళ్లనే, మా సీసాలోంచి, మా ఫిల్టర్ గుండా, మా చేతుల మీదుగా పెట్టి నడుపుతాం. అందులో కనిపించిన క్లోరైడ్ మాది, నైట్రేట్ మాది. అది తెలుసుకున్నాకే ఎదుటివారి నీళ్లలో ఏముందో చెప్పే అర్హత వస్తుంది. బ్లాంక్ నడపకుండా ఇచ్చిన రిపోర్టును ఏ ప్రయోగశాలా ఒప్పుకోదు. మా బావి గట్టు మీద తరతరాలుగా బ్లాంక్ నడపకుండానే రిపోర్టులు ఇచ్చారు. కొలవకుండానే వాళ్ల కడవ మైల అని తేల్చారు.

ఈ మాట చిన్నాయనతో అన్నాను. ఆయన వెంటనే ఒప్పుకోలేదు, ఒప్పుకోకపోవడానికి ఆయన చూపిన కారణం తేలికైనది కాదు. "శాస్త్రం చెప్పే శౌచం నీ అయాన్లది కాదమ్మా. తీర్థంలో ఉన్నది నీ కాలమ్‌కి చిక్కదు. చిక్కనిదాని గురించి నీ మిషను తీర్పు చెప్పకూడదు" అన్నాడు. మొదటి సగం నేనూ ఒప్పుకుంటాను. ఆకాశగంగ నీళ్లు పెడితే యంత్రం క్లోరైడ్ ఇంత, సల్ఫేట్ ఇంత అంటుంది. రుణ అయాన్ల కాలమ్‌కు ఆయన చెంబులోంచి దిగిన రాగి కూడా కనపడదు, నీళ్లలోని సూక్ష్మజీవులూ కనపడవు. ఇక శుక్రవారం అభిషేక వేళ ఆ నీళ్లు స్వామి మీద పడుతుంటే భక్తుడికి కలిగేదాన్ని కొలిచే డిటెక్టర్ లేదు, అవసరమూ లేదు. నేనూ కపిలతీర్థంలో ఆ జలపాతం కింద తల పెట్టినదాన్నే. అక్కడ నాకు అంకెలు గుర్తు రాలేదు.

కానీ ఆయన మాటలో రెండో సగం ఉంది, చిక్కనిదాని గురించి తీర్పు చెప్పకూడదన్నది. ఏ కొలతకూ చిక్కనిదైతే, అది గట్టు కింది ఆడవాళ్ల కడవలో ఉందనీ నీ చెంబులో లేదనీ నీకెలా తెలిసింది? కంటికి కనపడదు, నాలుకకు తెలియదు, యంత్రానికి అందదు. అలాంటి మాలిన్యం ఒకటి ఉందనుకుంటే, దాన్ని ఎవరైనా తమలో తాము వెతుక్కోగలరు. పక్కవాళ్లలో చూశానని చెప్పడానికి దారే లేదు. శౌచం మనసుకు సంబంధించినదని ఒప్పుకున్న క్షణమే బావి గట్టు మీది కాపలా కూలిపోవాలి. కూలలేదు. ఎందుకంటే అక్కడ కాపలా కాసింది శౌచాన్ని కాదు, బావిని.

తిరుమల సంప్రదాయమే ఈ సంగతిని ఎప్పుడో చెప్పింది. రామానుజుల మేనమామ తిరుమల నంబి అభిషేకం కోసం రోజూ పాపవినాశనం నుంచి కుండతో నీళ్లు మోసుకొచ్చేవారట. ఒకనాడు దారిలో వేటగాడి కుర్రవాడొకడు దాహం అన్నాడు. స్వామికి తీసుకెళ్తున్న నీళ్లు, ఇవ్వకూడదన్నారు నంబి. కుర్రవాడు వెనకనుంచి కుండకు చిల్లు పొడిచి తాగేశాడు. నంబి కుమిలిపోతుంటే ఆ కుర్రవాడే కొండకు బాణం వేసి కొత్త ధార పుట్టించాడు. అదే ఆకాశగంగ అంటారు. తాగినవాడు స్వామే. ఏటా తన్నీరముదు ఉత్సవం చేసుకునేది ఈ కథను తలచుకునే. చిన్నాయన చెంబులోని నీళ్లు ఆ ధారవే. వేటగాడి కుర్రవాడు ముట్టి ఎంగిలి చేసిన దారిలోంచి పుట్టిన నీళ్లనే అభిషేకానికి యోగ్యమైనవిగా మనం వందల ఏళ్లుగా మొక్కుతున్నాం. ఉత్సవం జరిపేవాళ్లు కథలో ఈ భాగం దగ్గర ఇంకొంచెం సేపు ఆగితే బాగుంటుందని నా కోరిక.

మా జిల్లాకు పొరుగున ఉన్న కంచిలో జరిగినట్టు గురుపరంపర చెప్పే కథ ఇంకొకటుంది. బావి దగ్గర రామానుజుల భార్య, గురువు పెరియ నంబి భార్య నీళ్లు తోడుతున్నారు. ఒకరి కుండలోంచి రెండో కుండలోకి చుక్కలు చిందాయి. తన నీళ్లు మైలపడ్డాయని రామానుజుల భార్య గొడవపడింది. గురువు ఊరే విడిచి వెళ్లిపోయారు. రామానుజులు సన్యాసం పుచ్చుకోవడానికి దారితీసిన సంగతుల్లో ఇదొకటి. ఆయన ఇల్లు విడిచింది చుక్క నీళ్ల దగ్గర.

కథలు చెప్పడం మనకు బాగా వచ్చు. మహద్‌లో చవదార్ చెరువు నీళ్లు దోసిట తాగడానికి అంబేడ్కర్ 1927 మార్చి 20న వేలమందితో నడవాల్సి వచ్చింది. తాగాక ఆ చెరువును అగ్రవర్ణాలవాళ్లు పంచగవ్యంతో శుద్ధి చేశారు. అంతకంటే మనకు దగ్గరిది కారంచేడు. 1985 జులైలో, తాము తాగే చెరువు నీళ్లలో గేదెల కుడితి బకెట్ కడగొద్దని దళితులు అన్నారు. ముంతో బిందో ఎత్తి ఎదిరించిన మున్నంగి సువార్త అనే ఆమె పేరు రాష్ట్రమంతా తెలిసింది. జులై 17న దళితుల మీద జరిగిన దాడిలో ఆరుగురు చనిపోయారు. ఆ రోజున నీళ్ల శుద్ధి గురించి మాట్లాడింది ఎవరు? కడగొద్దన్నవాళ్లు. శౌచం అనే మాటకు నాకు తెలిసినంతలో వాళ్ల నోట వచ్చిన అర్థమే అన్నిటికంటే సరైనది. నువ్వు చేసే పని నా నీళ్లలో కలుస్తోంది, చూసుకో అని.

ఆకాశగంగ నీళ్లను పెట్టాం. చిన్నాయన తెర ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పీకులు చిన్నవి. తిరుమల కొండ క్వార్ట్‌జైట్ రాయి, అంటే ఎక్కువ భాగం సిలికా. నీళ్లకు అది అంత తేలిగ్గా ఏమీ ఇవ్వదు. కింద మైదానంలో ఉన్నది గ్రానైట్. ఘాట్ రోడ్డు మీద వెళ్తుంటే గ్రానైట్ మీద క్వార్ట్‌జైట్ పడుకున్న గీత కనిపిస్తుంది, ఎపార్కియన్ అన్‌కన్‌ఫర్మిటీ అంటారు. రెండు రాళ్ల మధ్య కోట్ల ఏళ్ల ఎడం. ఏ రాయి మీదుగా వచ్చాయో నీళ్లు దాచుకోవు. గ్రానైట్ పగుళ్లలో చాలా కాలం నిలిచిన నీళ్లు దానిలోని ఖనిజాలనుంచి ఫ్లోరైడ్ దింపుకుంటాయి. నీళ్లలో సున్నం తక్కువై బైకార్బొనేట్ ఎక్కువైతే ఇంకా ఎక్కువగా దింపుకుంటాయి. ఫ్లోరోసిస్ మన దేశంలో మొదట బయటపడింది కూడా ఇటువైపే, 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలో. వంగిన నడుములూ మచ్చపడిన పళ్లూ పాపఫలమనుకున్న ఊళ్లు ఎన్నో. అది బోరు లోతు ఫలం.

ఆ తర్వాత మా ఊరి నీళ్లు పెట్టాం. వీటిని కుర్రాడే వెళ్లి పట్టుకొచ్చాడు, ఊళ్లో బోరువీ కాలనీ చేతిపంపువీ. సీసాల మీద ఊరు, కాలనీ అని రాయవద్దన్నాను. నంబర్లు వేశాం. ఎవరి నీళ్లు ఏవో తెలియకుండా పీకుల కింద వైశాల్యం లెక్కకట్టాలని. నంబర్లు విప్పాక చూస్తే, ఊరి బోరులో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటింది. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం 1 దాకా మంచిది, వేరే నీళ్లు లేకపోతే 1.5 దాకా సరిపెట్టుకోవచ్చు, ఆపైన కూడదు. కాలనీ పంపులో ఫ్లోరైడ్ తక్కువే, నైట్రేట్ మాత్రం 45 దాటింది. నైట్రేట్‌కు 45 మించి సడలింపే లేదు. పసిబిడ్డలకు సీసా పాలు ఆ నీళ్లతో కలిపితే రక్తం ప్రాణవాయువును మొయ్యలేని స్థితి రావచ్చు.

ఎక్కడిదా నైట్రేట్? మాది పాడి జిల్లా. ఊరి దొడ్లన్నీ కాలనీ వైపు వాలున ఉన్నాయి. పేడదిబ్బల ఊట, మరుగుదొడ్ల గుంతల ఊట, పొలాల యూరియా అన్నీ వానతో దిగేది అటే. తరతరాలుగా మైల అని దూరం పెట్టినవాళ్ల నీళ్లలోకి మైల దిగుతున్నది మా వైపునుంచి. ఊరివాళ్లు లోతుకు, ఇంకా లోతుకు బోరు వేసి రాతి నీళ్లు తాగుతున్నారు. కాచి తాగితే పోతుందనుకుంటారు చాలామంది. ఫ్లోరైడ్ గానీ నైట్రేట్ గానీ కాస్తే పోవు, నీళ్లు తరిగి ఇంకా చిక్కబడతాయి.

చిన్నాయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత సంధ్యావందనం సంగతి ఎత్తాడు. పొద్దున తీర్థం పుచ్చుకునేటప్పుడు చదివే మంత్రంలో మనసుతో, మాటతో, చేతులతో, కాళ్లతో చేసిన పాపాలన్నీ వస్తాయి. మధ్యాహ్నం మంత్రంలో తినకూడనిది తిన్న దోషం, చెడ్డవాళ్ల దగ్గర దానం పట్టిన దోషం కూడా వస్తాయి. "అన్నీ నేను చేసినవే, నావే అని ఉంది. ఫలానావాడు నన్ను ముట్టుకున్నాడు, ఆ దోషం పోగొట్టమని ఎక్కడా లేదు. ఉపనయనం నాటినుంచీ చదువుతున్నాను" అన్నాడు. ఆ మాట నేను ఆయనకు చెప్పగలిగేదాన్ని కాదు. నాకా మంత్రం ఎవరూ నేర్పలేదు. ఆడపిల్లనని నేర్పలేదు. ఆయన బ్లాంక్ ఆయన పెదవుల మీదే ఇన్నేళ్లూ ఉంది.

నేను అనుకునేది ఇదీ. మడి పూర్తిగా పారెయ్యవలసినది కాదు. దాన్ని పట్టుకున్న చెయ్యి తన వైపు తిప్పుకోవాలి, అంతే. అవ్వ శ్రద్ధ నాకు కావాలి, కర్రతో బట్ట తీసే ఓపిక కావాలి, పైనుంచి పొయ్యడం మాత్రం వద్దు. దైవం ముందుకు నీళ్లు తీసుకెళ్లే మనిషికి, ఆ నీళ్లు దారిలో దాహమన్నవాడికి కూడా ఇవ్వదగినవో కావో తెలుసుకునే బాధ్యత ఉంది. అది కూడా పూజలో భాగమే, దాన్ని ఆచారానికి బయట పెట్టకూడదు.

రిపోర్టును చిన్నాయనే ఊరికి తీసుకెళ్లాడు. రాములవారి గుడి అరుగు మీద రెండు బోర్ల అంకెలూ చదివి వినిపించాడు. కాలనీ వాళ్లు కూడా వచ్చి కూర్చున్నాకే చదువుతానన్నాడట. కొందరు లేచి వెళ్లిపోయారని కూడా చెప్పాడు. ఉన్నవాళ్లు మాత్రం పంచాయతీకి అర్జీ రాశారు. రెండు బోర్లూ కాకుండా చెరువు కింది పాత బావిని పూడిక తీసి, దాని నీళ్లు పరీక్ష చేయించి, ఊరికీ కాలనీకీ ఒకే ఓవర్‌హెడ్ ట్యాంకు కట్టాలని. పేడదిబ్బలను వాలు మీదినుంచి మార్చాలన్న మాట అర్జీలో మొదట లేదు. కాలనీ ఆడవాళ్లు పట్టుబట్టి రాయించారు.

పాత బావి నమూనా ఇంకా రాలేదు. కార్తీకం వానలు తగ్గాక ఒకసారి, ఎండాకాలంలో ఒకసారి తియ్యాలి. మా వైపు ఈశాన్య రుతుపవనం కూడా పడుతుంది కాబట్టి ఒక్క కాలపు నమూనాతో బావి గుణం తేలదు. వాన తర్వాత నైట్రేట్ పెరిగితే దిబ్బలు ఇంకా అక్కడే ఉన్నట్టు. నమూనా పట్టడానికి తానూ వస్తానన్నాడు చిన్నాయన. తొడుగులు పెద్ద సైజువి తెప్పించమన్నాడు.